ఫోర్క్‌లిఫ్టు మాస్టును, క్యారేజిని సర్వీసు చేసే విధానం: చైను నుంచి ఫోర్కు హీలు దాకా

ఫోర్క్‌లిఫ్టుకు ఇంజను ఆయిలు మార్చడం ఎవరూ మరిచిపోరు. మార్చకపోతే బండే మొరాయించి గుర్తు చేస్తుంది. ఫోర్కులను లేపే నిలువు చట్రమైన మాస్టు సంగతి వేరు. చైను లోపల పిన్నులు అరిగిపోయినా, ఫోర్కు మలుపు తిరిగే చోటైన హీలు పలచబడినా బండి ఎప్పటిలాగే సరుకు ఎత్తుతూనే ఉంటుంది కనుక, లోపం పైకి తెలిసే సరికి అది ప్రమాదపు అంచు దాకా వచ్చి ఉంటుంది. అందుకే మాస్టు సర్వీసులో గ్రీజు డబ్బా కన్నా ముందు చేతిలోకి తీసుకోవలసినవి టేపు, వెర్నియర్. ఇక్కడ వివరించే పద్ధతి గోదాముల్లో ఎక్కువగా కనిపించే మూడు టన్నుల బండికి, అంటే రెండంచెల మాస్టుతో సుమారు మూడు మీటర్ల ఎత్తుకు లేపే బండికి సరిపోతుంది. మూడంచెల మాస్టులో చైన్ల జతలూ రోలర్లూ ఎక్కువగా ఉంటాయి గాని చూసే తీరు ఇదే. మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన కొలత ఇక్కడి కొలతకు భిన్నంగా ఉంటే మాన్యువల్‌నే పాటించండి.

పనిలోకి దిగే ముందు మాస్టు ఎలా లేస్తుందో ఒకసారి మనసులో పెట్టుకోవాలి. బయటి చానళ్లు బండి ముందు భాగానికి కీలుతో బిగించి ఉంటాయి. వాటి లోపల రోలర్ల మీద లోపలి చానళ్లు జారుతాయి, ఆ లోపలి చానళ్లలో ఫోర్కులను మోసే క్యారేజి జారుతుంది. లిఫ్టు సిలిండర్లు నేరుగా ఎత్తేది లోపలి చానళ్లనే. క్యారేజిని పైకి లాగేది చైను. దాని ఒక కొన బయటి చానల్ వైపు యాంకరుకూ రెండో కొన క్యారేజికీ బిగించి ఉంటుంది, మధ్యలో అది లోపలి చానల్ పైనున్న పుల్లీ మీదుగా తిరుగుతుంది. అందువల్ల సిలిండరు రాడ్డు ఒకటిన్నర మీటరు లేస్తే ఫోర్కులు మూడు మీటర్లు లేస్తాయి. ఇదే అమరిక వల్ల చైను పది మిల్లీమీటర్లు సాగితే ఫోర్కులు కూడా సరిగ్గా పది మిల్లీమీటర్లు కిందికి దిగుతాయి. అలా దిగిన ఫోర్కు హీలు నేలకు రాసుకోవడం మొదలవుతుంది, రాసుకున్న కొద్దీ అరుగుతుంది, అరిగిన హీలు ముందున్నంత బరువు మోయలేదు. చైను నిర్లక్ష్యం ఫోర్కు దాకా ఎలా పాకుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది, కాబట్టి ఈ సర్వీసులో ఎక్కువ సమయం చైనుకే కేటాయించడం న్యాయం.

బండిని నిలపడం, మాస్టును కట్టడం

గట్టిగా, సమతలంగా ఉన్న కాంక్రీటు నేల మీద బండిని నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. మాస్టును నిటారుగా ఉంచండి. ఉంగరాలు, గడియారం, మెడలో తువ్వాలు తీసేయండి. చైనుకూ పుల్లీకీ మధ్య చిక్కుకున్న వేలు దక్కించుకోవడం కష్టం. బండిని కడగాలనుకుంటే ఇప్పుడే కడిగి ఆరనివ్వండి. అయితే ప్రెషర్ వాషర్ ధారను గాని, సబ్బు నీళ్లను గాని, డీగ్రీజర్‌ను గాని చైను మీదికి పోనివ్వకండి, ఎందుకంటే ఆ ధార చైను పలకల మధ్య మిగిలి ఉన్న కాస్త ఆయిలును కూడా బయటికి తోసేసి, దాని స్థానంలో నీటిని దిగబెడుతుంది. పొరపాటున చైను తడిస్తే ఆ రోజే ఆరబెట్టి ఆయిలు పెట్టాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పైకి లేపిన క్యారేజి కిందికి గాని, మాస్టు చానళ్ల మధ్యకు గాని హైడ్రాలిక్‌ను నమ్ముకుని చేయి పెట్టకూడదు. ఇంజను ఆపితే క్యారేజి కదలదనే భ్రమ చాలామందిలో ఉంది. నిజానికి క్యారేజి కిందికి దిగడానికి ఇంజనుతో పని లేదు, అది తన బరువుతోనే దిగుతుంది. లివరుతో నేరుగా పనిచేసే వాల్వు ఉన్న బండిలో, ఇంజను ఆగి ఉన్నా ఎవరి మోచేయో తగిలి లివరు కదిలితే చాలు, క్యారేజి జారిపోతుంది. సీటులో మనిషి లేకపోతే లివరును పనిచేయనివ్వని ఏర్పాటు కొత్త బండ్లలో ఉంటుంది గాని, హోసు పగిలితే ఆ ఏర్పాటు కూడా మిమ్మల్ని కాపాడలేదు.

కాబట్టి మాస్టును పైకి లేపి పని చేయాలంటే ఇలా చేయండి. అవసరమైనంత ఎత్తుకు లేపి, లోపలి చానళ్ల అడుగు కింద, బయటి చానళ్ల అడ్డపట్టీ మీద ఆనేలా కనీసం 100 మిల్లీమీటర్ల చదరపు మందం ఉన్న గట్టి చెక్క దిమ్మను పెట్టండి. తరువాత బరువుకు తగిన ఇనుప చైనుతో లోపలి, బయటి చానళ్ల అడ్డపట్టీలను కలిపి చుట్టి షాకిల్ వేయండి. క్యారేజిని కూడా విడిగా లోపలి చానల్ అడ్డపట్టీకి కట్టండి, ఎందుకంటే లోపలి చానల్ దిమ్మ మీద ఆగినా క్యారేజి ఇంకా లిఫ్టు చైను మీదే వేలాడుతూ ఉంటుంది, మీరు పరీక్షించబోయేది ఆ చైనునే. ఇవన్నీ అమర్చాక లివరును మెల్లగా దించి, బరువు దిమ్మ మీదికి వచ్చిందని చూసుకుని, ఇంజను ఆపి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి. బ్యాటరీ కనెక్షను తీసి, స్టీరింగుకు ‘పని జరుగుతోంది, నడపరాదు’ అన్న బోర్డు తగిలించండి.

ఖాళీగా నడిపి వినడం

కట్లు వేయకముందే, బండి ఇంకా నడిచే స్థితిలో ఉండగానే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ఫోర్కుల మీద ఏమీ పెట్టకుండా మాస్టును అట్టడుగు నుంచి చివరి ఎత్తు దాకా నెమ్మదిగా లేపి దించండి, పక్కన మరొకరిని నిలబెట్టి చూడమనండి. టకటక శబ్దం వస్తే ఏ ఎత్తులో వస్తోందో సుద్దముక్కతో చానల్ మీద గీత పెట్టండి. అరిగిన రోలరును తరువాత వెతికేటప్పుడు ఈ గీత గంట పని తగ్గిస్తుంది. దిగేటప్పుడు క్యారేజి ఎక్కడైనా ఒక్క క్షణం ఆగి దభీమని దిగితే చానల్‌లో ఇరుకు ఉందని, లేదా రోలరు తిరగడం లేదని అర్థం.

చివరి ఎత్తుకు చేరగానే మాస్టు ఒక పక్కకు కుదుపు తిన్నట్టు ఊగితే, రెండు లిఫ్టు సిలిండర్లూ ఒకేసారి ఆగడం లేదన్న మాట. దీనికి సిలిండరు విప్పనక్కరలేదు. ముందుగా ఆగిపోతున్న రాడ్డు ఏదో గుర్తించి, ఆ రాడ్డు పై కొనకూ లోపలి చానల్‌కూ మధ్య తగిన మందం ఉన్న షిమ్ము, అంటే పలుచని లోహపు బిళ్ల, వేస్తే సరిపోతుంది. ఆలస్యంగా ఆగే రాడ్డుకు షిమ్ము వేస్తే తేడా ఇంకా పెరుగుతుంది. తొందరలో ఈ పొరపాటు జరుగుతుంటుంది కనుక రెండుసార్లు చూసుకోండి.

చైను

లిఫ్టు చైను మోటారు సైకిలు చైను లాంటిది కాదు. దానిలో రోలర్లు ఉండవు. ఉక్కు పలకలను పొరలు పొరలుగా పేర్చి పిన్నులు గుచ్చి ఉంటారు. చైను సాగిందని మనం అంటాం గాని అక్కడ ఉక్కు సాగదు. ప్రతి పిన్నూ, ఆ పిన్ను తిరిగే పలక రంధ్రమూ కొద్ది కొద్దిగా అరిగి, ఆ అరుగుదలలన్నీ కలిసి పొడవుగా కనబడతాయి. కనుక పొడవు పెరిగిందంటే పిన్నులు సన్నబడ్డాయని, వాటికి ఆయిలు అందలేదని తెలుసుకోవాలి.

కొలిచేటప్పుడు చైను బిగువుగా ఉండాలి. ఫోర్కుల మీద కాస్త బరువు పెట్టి నేల నుంచి కొంచెం లేపి, ఇంజను ఆపి, చైను బయటికి కనిపించే చోట బండి పక్క నుంచి కొలవండి. క్యారేజి కిందికి పోవలసిన అవసరం రాదు. ఎక్కడ కొలుస్తారన్నది ఎంత కొలుస్తారన్న దానికన్నా ముఖ్యం. యాంకరు దగ్గరి నాలుగైదు లింకులు పుల్లీ మీదికి ఎప్పుడూ రావు, అవి వంగవు, అందుకే అరగవు. అక్కడ కొలిచి చైను బాగుందని రాసుకుంటే ఆ రాతకు విలువ లేదు. రోజూ పుల్లీ మీద అటూ ఇటూ తిరిగే భాగాన్ని ఎంచుకుని, కనీసం మూడు చోట్ల, ఒక పిన్ను మధ్య నుంచి మరో పిన్ను మధ్య వరకు కొలవండి. పిన్నుకు పిన్నుకు మధ్య దూరం 19.05 మిల్లీమీటర్లు ఉన్న చైనులో 16 దూరాలు కలిపితే కొత్తదానికి 304.8 మిల్లీమీటర్లు వస్తుంది. అది 314 మిల్లీమీటర్లకు చేరితే మూడు శాతం పెరిగినట్టు, చైను జీవితం ముగిసినట్టు. దూరం 15.875 ఉన్న చైనులో 20 దూరాలకు 317.5 రావాలి, 327 దగ్గర పక్కన పెట్టాలి. 25.4 ఉన్నదానిలో 12 దూరాలకు 304.8, మళ్లీ హద్దు 314. కొందరు తయారీదారులు రెండు శాతానికే మార్చమంటారు, మీ మాన్యువల్‌లో ఆ మాట ఉంటే మూడు దాకా ఆగకండి. రెండు చైన్లనూ విడివిడిగా కొలిచి, విడివిడిగానే రాయండి.

కొలత హద్దులో ఉన్నా చైను చెడిపోయి ఉండవచ్చు. అందుకే చైనును వదులు చేసి, ఒక్కో లింకునూ చూస్తూ పోవాలి. క్యారేజిని కొంచెం లేపి, దాని కింద గట్టి దిమ్మలు రెండు వైపులా సమానంగా పెట్టి, లివరుతో దించితే క్యారేజి దిమ్మల మీద ఆగిపోతుంది, లోపలి చానల్ ఇంకొంచెం దిగుతుంది, చైను వదులవుతుంది. ఈ స్థితిలో క్యారేజిని పట్టుకుని ఉన్నవి ఆ దిమ్మలు మాత్రమేనని గుర్తుంచుకుని, వాటి జోలికి పోకుండా పని చేయండి.

గుడ్డతో తుడిచి, టార్చి వెలుతురులో చూడవలసినవి ఇవి. పిన్నుల తలలన్నీ ఒకే తీరులో వరుసగా ఉండాలి. ఏదైనా ఒక పిన్ను తల తిరిగి ఉన్నా, మిగతా వాటికన్నా బయటికి పొడుచుకు వచ్చినా, లోపల ఆయిలు లేక పిన్ను పలకతో పట్టేసి, తన బిగువు చోటులో తిరిగిపోయిందన్న మాట. దానిని సుత్తితో కొట్టి లోపలికి పంపడం పరిష్కారం కాదు, చైను మార్చడమే పరిష్కారం. పలకల మీద రంధ్రం నుంచి అంచు వైపు అడ్డంగా పాకే సన్నని గీత కనబడితే అది అలసట పగులు. తరచుగా హద్దుకు మించిన బరువు ఎత్తిన బండ్లలో ఇది వస్తుంది. రెండు రంధ్రాల మధ్య విల్లులా వంగిన పగులు కనబడితే దానికి కారణం తుప్పు, ఒత్తిడి కలిసి చేసిన పని. ఎరువుల గోదాముల్లోనూ, బ్యాటరీ యాసిడ్ తగిలే చోట్లా ఇలాంటివి వస్తాయి. లింకుల సందుల్లో ఎర్రటి పొడి కనిపిస్తే లోపలి పిన్ను పొడిగా రాసుకుంటోందని అర్థం. చైనును చేత్తో వంచినప్పుడు ఏ లింకైనా వంగకుండా బిర్రుగా నిలిచినా, పలకల అంచులు పుల్లీ మీద అరిగి కొత్త పలక ఎత్తులో ఐదు శాతానికి మించి తగ్గినా ఆ చైనును ఉంచకూడదు.

మార్చేటప్పుడు రెండు చైన్లనూ కలిపి మార్చాలి, వాటి యాంకరు పిన్నులను కూడా మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే బరువు రెంటి మధ్యా సమానంగా పంచుకోదు. చెడిన లింకు ఒక్కటి కోసి కొత్తది అతికించడం, పలకకు వెల్డింగు చేయడం, పాత పిన్నును మళ్లీ కొట్టడం, చైనుకు రంగు వేయడం, పూత పూయించడం అనే పనులు ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. నట్టు తిప్పడానికి మర ఇక మిగలనప్పుడు రెండు లింకులు తీసేసి పొడవు సరి చేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అలా చేస్తే పొడవు మాత్రమే సరి అవుతుంది, మిగిలిన ప్రతి పిన్నూ అంతే సన్నగా ఉంటుంది. యాంకరు బోల్టు మీద నట్టు దాటి బయటికి వచ్చిన మర ఎంతుందో చూస్తే, ఆ చైనును ఎంతకాలంగా కొలవకుండా బిగిస్తూ వస్తున్నారో ఊహించవచ్చు.

ఆయిలు విషయంలో రెండు అపోహలు పోవాలి. ఒకటి, చైను మీద గ్రీజు దట్టంగా పూస్తే చాలునన్నది. గ్రీజు పలకల మధ్యకు దిగదు. పైన పొరలా నిలిచి దుమ్మును పట్టి ఉంచుతుంది, లోపల పిన్ను పొడిగానే ఉంటుంది, పైగా పగులును కంటికి కనబడనీయదు. రెండోది, ఇంజను నుంచి తీసిన కాలిన ఆయిలు చైనుకు పనికొస్తుందన్నది. దానిలో లోహపు రజను, మసి, ఆమ్లాలు ఉంటాయి. పిన్నుకు అవసరమైన దానికి సరిగ్గా వ్యతిరేకమైనవి. మన ఎండలకు ఎస్‌ఏఇ 40 తరగతి కొత్త ఆయిలు సాధారణంగా సరిపోతుంది, కోల్డ్ స్టోరేజిలో నడిచే బండికి మాత్రం చలిలో గడ్డకట్టని పలుచని ఆయిలును మాన్యువల్ చూసి ఎంచుకోవాలి. చైను వదులుగా ఉన్నప్పుడే, అంటే పైన చెప్పినట్టు క్యారేజి దిమ్మల మీద ఉండగానే, బ్రష్షుతో పలకల అంచుల మీద ఆయిలు పూస్తే సందుల్లోకి దిగుతుంది. బిగువుగా ఉన్న చైనులో పిన్నుకూ పలకకూ మధ్య బరువు మోసే వైపు సందు మూసుకుపోయి ఉంటుంది. పావుగంట ఆగి, పైన మిగిలిన ఆయిలును గుడ్డతో తుడిచేయండి. విశాఖపట్నం, కాకినాడ, కృష్ణపట్నం వంటి రేవుల దగ్గర ఉప్పుగాలి తగిలే బండ్లకూ, చీమకుర్తి, తాండూరు వైపు రాతి పొడిలో తిరిగే బండ్లకూ మాన్యువల్ చెప్పిన గడువులో సగానికే ఆయిలు పెట్టడం మంచిది.

తరువాత బిగువు సరి చేయాలి. దిమ్మలు తీసి, మాస్టు నిటారుగా ఉంచి, ఫోర్కులను కొంచెం లేపి, రెండు చైన్లనూ ఒకే ఎత్తులో బొటనవేలితో నొక్కి చూడండి. రెండూ ఒకేలా లోనికి పోవాలి. తేడా ఉంటే వదులుగా ఉన్నదాని యాంకరు నట్టును కొద్దికొద్దిగా తిప్పండి. తిప్పేటప్పుడు బోల్టు తనతోపాటు చైనును మెలితిప్పకుండా మరో పానాతో పట్టుకోవాలి. పూర్తిగా దించినప్పుడు హీలుకూ నేలకూ మధ్య మాన్యువల్ చెప్పిన ఎడం ఉండాలి, క్యారేజి కింది రోలరు లోపలి చానల్ అడుగు నుంచి మాన్యువల్ చెప్పినంతకు మించి బయటికి రాకూడదు. హీలు నేలకు తగలకూడదన్న ఆత్రంతో చైనును అతిగా బిగిస్తే మరో ప్రమాదం ఉంది: పూర్తి ఎత్తులో సిలిండరు తన చివరికి చేరకముందే క్యారేజి పై స్టాపరుకు తగులుతుంది, అప్పుడు పంపు ఒత్తిడి అంతా చైను మీదే పడుతుంది. అందుకే బిగించిన ప్రతిసారీ పై చివర కూడా చూడండి. చివరగా లాక్‌నట్టు బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కాళ్లు విడదీయండి. పాత పిన్నును వంచి మళ్లీ వాడకండి.

పుల్లీలను కూడా ఇప్పుడే చేత్తో తిప్పి చూడాలి. గరగరమన్నా, పక్కకు ఊగినా బేరింగు మార్చండి. పుల్లీ అంచు ఒక పక్కే అరిగి మెరుస్తుంటే చైను వంకరగా వస్తోంది, యాంకరు ఆ పక్కకు తిరిగి ఉందేమో చూడండి.

చానళ్లు, రోలర్లు

చానళ్ల లోపలి ముఖాలను కిరోసినులో తడిపిన గుడ్డతో తుడిచి, గట్టిపడిన పాత గ్రీజును తీసేయండి. రోలరు నడిచే దారి నున్నగా మెరుస్తూ ఉండాలి. పొరలుగా ఊడిన మచ్చలు, గాడి పడిన చోట్లు ఉంటే రోలరు తిరగకుండా ఈడ్చుకుంటూ పోతోందని తెలుస్తుంది. మాస్టు రోలర్లు చాలా వరకు సీలు చేసిన బేరింగులే కనుక వాటికి బయటి నుంచి గ్రీజు ఎక్కించేదేమీ ఉండదు. తిరగకపోతే, గరగరమంటే మార్చడమే.

పక్కవాటు ఎడం కొలవడానికి క్యారేజిని ఒక వైపుకు గడ్డపారతో మెల్లగా నొక్కి, ఎదుటి వైపు రోలరుకూ చానల్‌కూ మధ్య ఫీలర్ గేజి దూర్చండి. మాన్యువల్ ఇచ్చే హద్దు సాధారణంగా మిల్లీమీటరు లోపే ఉంటుంది. ఎక్కువైతే రోలరు విప్పి దాని షాఫ్టు వెనక షిమ్ములు వేయాలి, రెండు వైపులా సమానంగా వేయాలి; ఒక వైపే వేస్తే క్యారేజి మధ్య గీత నుంచి జరుగుతుంది. ఇక్కడ గమనించవలసింది, చానల్ అంతటా ఒకేలా అరగదు. బండి రోజూ ఏ ఎత్తులో ఎక్కువగా పని చేస్తుందో ఆ చోట ఎక్కువ అరుగుతుంది. ఆ వదులు చోట కొలిచి షిమ్ము వేశారంటే, అరగని చోటికి వచ్చేసరికి క్యారేజి బిగుసుకుపోతుంది. అందుకని ముందు మొత్తం ఎత్తులో అన్నిటికన్నా ఇరుకైన చోటును వెతికి, అక్కడి ఎడాన్ని ఆధారంగా తీసుకోవాలి.

రోలరు విప్పి ఉన్నప్పుడు దాని షాఫ్టు చానల్‌కు వెల్డయిన చోటును తప్పక చూడండి. రంగు పొరలో సన్నని వెంట్రుక గీత, దాని వెంట తుప్పు రంగు కారి ఉంటే పగులేమోనని అనుమానించి, పగుళ్లలోకి దిగి వాటిని చూపే రంగు ద్రవమైన డై పెనిట్రెంటుతో నిర్ధారించుకోవాలి. మాస్టు మీద ఊరి వెల్డరుతో అతుకు వేయించడాన్ని నేను ఏ సందర్భంలోనూ ఒప్పుకోను. ఆ ఉక్కు రకం, వేడి చేయవలసిన తీరు తయారీదారుకే తెలుసు, రాతపూర్వకంగా అనుమతి ఇస్తే వారు చెప్పిన పద్ధతిలోనే చేయించాలి. తిరిగి బిగించాక చానల్ ముఖాలకు గ్రీజును పలుచని పొరగా మాత్రమే రాయండి.

క్యారేజి, ఫోర్కులు

క్యారేజిలో చూడవలసినవి తక్కువ: పై, కింది పట్టీలు వంగలేదు కదా, ఫోర్కులు పక్కల నుంచి జారిపోకుండా ఆపే స్టాపరు బోల్టులు ఉన్నాయా, సరుకు వెనక్కి పడకుండా ఆపే బ్యాక్‌రెస్టు బోల్టులు బిగువుగా ఉన్నాయా, ఫోర్కు లాక్‌పిన్ను గాడిలో కూర్చుంటోందా. ఈ నాలుగూ చూస్తే సరిపోతుంది.

ఫోర్కులకు మాత్రం ఓపిక కావాలి. ఫోర్కు నిలువు భాగం నేలకు రాసుకోదు కనుక దాని మందాన్నే కొత్త కొలతగా తీసుకోండి. వెర్నియరుతో గాని కాలిపరుతో గాని నిలువు భాగాన్ని కొలిచి, తరువాత హీలు దగ్గర, అంటే నిలువు భాగం అడ్డంగా మలుపు తిరిగే చోట కొలవండి. పది శాతం తగ్గితే ఫోర్కును తీసేయాలి. 40 మిల్లీమీటర్ల మందం 36కు వస్తే పని అయిపోయింది. పది శాతమే కదా అనిపించవచ్చు గాని, వంపును తట్టుకునే బలం మందం వర్గాన్ని బట్టి మారుతుంది. మందం 0.9 వంతుకు వస్తే బలం 0.81 వంతుకు, అంటే సుమారు 20 శాతం పడిపోతుంది. మూడు టన్నుల బండి ఇక రెండు టన్నుల నాలుగు వందల కిలోల బండిగా మారిందన్న మాట, ప్లేటు మీద అంకె మాత్రం మారదు.

రెండు ఫోర్కుల కొనలూ ఒకే ఎత్తులో ఉండాలి. తేడా ఫోర్కు అడ్డ భాగం పొడవులో మూడు శాతం దాటకూడదు. 1070 మిల్లీమీటర్ల ఫోర్కుకు అది 32 మిల్లీమీటర్లు. నిలువు, అడ్డ భాగాల మధ్య కోణం 93 డిగ్రీలు దాటినా ఫోర్కు పనికిరాదు. పగుళ్లు వచ్చే చోట్లు రెండే: హీలు, వెనక హుక్కుల వెల్డింగు. రంగును తీగ బ్రష్షుతో గీకి, డై పెనిట్రెంటు పోసి చూడండి. వంగిన ఫోర్కును వేడి చేసి సరి చేయడం, హీలు మీద వెల్డింగు రాడ్డుతో మందం కట్టడం రెండూ నిషిద్ధాలు. ఫోర్కును విప్పవలసి వస్తే అది అరవై డెబ్బై కిలోల బరువు ఉంటుందని మరవకండి. కింద చెక్క దిమ్మ పెట్టి, కింది పట్టీ మధ్యలో ఉండే గాడి దగ్గరికి ఫోర్కును జరిపి, క్యారేజిని మెల్లగా దించి బండిని వెనక్కి జరిపితే ఫోర్కు దిమ్మ మీద నిలబడుతుంది; ఇద్దరు మనుషులు ఉండి తీరాలి. ఫోర్కులను కూడా జతగానే మార్చండి.

సిలిండర్లు, హోసులు, టిల్టు

రాడ్డుల మీద గీతలు, తుప్పు చుక్కలు చూడండి. గోటికి తగిలే గీత సీలును కోస్తుంది, కొత్త సీలు వేసినా నిలవదు. ఆయిలు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి వేలితో తడమకండి. సన్నని రంధ్రం నుంచి ఒత్తిడితో చిమ్మే ఆయిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, గాయం చిన్నదిగా కనబడినా వెంటనే శస్త్రచికిత్స అవసరమవుతుంది. అట్టముక్కను కర్రకు కట్టి దగ్గర పెడితే చాలు. మాస్టు మీదుగా తిరిగే హోసుల్లో వంగే చోట రబ్బరు చిట్లినా, లోపలి తీగ కనబడినా మార్చండి.

జారుడు పరీక్షను అన్నీ బిగించాక చేయాలి. బండి ప్లేటు మీద రాసిన పూర్తి బరువును, గట్టిగా కట్టి, సుమారు 2.5 మీటర్ల ఎత్తుకు లేపి, ఇంజను ఆపి, చుట్టూ ఎవరూ రాకుండా తాడు కట్టి, దూరం నుంచి పది నిమిషాలు చూడండి. ఇలాంటి బండ్ల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 3691-1 ప్రకారం ఈ పది నిమిషాల్లో బరువు 100 మిల్లీమీటర్లకు మించి దిగకూడదు, మాస్టు ముందుకు వాలడం సగటున నిమిషానికి అర డిగ్రీ దాటకూడదు. దాటితే వాల్వు స్పూలు (వాల్వు లోపల జరిగే కడ్డీ) గాని, సిలిండరు సీలు గాని కారణం. సిలిండరు పై భాగం నుంచి ట్యాంకుకు పోయే సన్నని రిటర్ను గొట్టం ఉన్న బండిలో, దానిని విప్పి చూస్తే తెలిసిపోతుంది: అక్కడ ఆయిలు నిలకడగా వస్తుంటే సీలు పోయింది, రాకపోతే వాల్వును అనుమానించాలి. బరువును దించేటప్పుడు గడియారం కూడా చూడండి. దిగే వేగం సెకనుకు 0.6 మీటర్లకు మించకూడదన్నది అదే ప్రమాణం. మూడు మీటర్లు దిగడానికి ఐదు సెకన్లకన్నా తక్కువ పట్టిందంటే దిగే వేగాన్ని అదుపు చేసే ఫ్లో రెగ్యులేటరు పని చేయడం లేదు.

టిల్టు సిలిండర్ల పిన్నులకూ, మాస్టు అడుగు కీలుకూ కొత్త గ్రీజు అంచుల నుంచి బయటికి వచ్చే దాకా గన్నుతో ఎక్కించండి. మాస్టును పూర్తిగా వెనక్కి వాల్చినప్పుడు రెండు టిల్టు సిలిండర్లూ ఒకేసారి ఆగాలి; ఒకటి ముందు ఆగితే మాస్టు మెలితిరుగుతుంది, రాడ్డు కొన ఐ-బోల్టును తిప్పి సరి చేసి లాక్‌నట్టు బిగించండి.

పనిలోకి తిరిగి పంపడం

జారుడు పరీక్షకు పోయే ముందు దిమ్మలు, కట్టిన చైన్లు, పానాలు అన్నీ తీశారో లేదో లెక్క పెట్టుకోండి. కట్టు విప్పకుండా లివరు లాగితే మాస్టు అడ్డపట్టీ వంగుతుంది. ఖాళీగా నాలుగైదు సార్లు పూర్తి ఎత్తుకు లేపి దించి, తరువాతే బరువు పెట్టండి. పరీక్షలో దేనిలోనైనా తప్పిన బండికి బోర్డు తగిలించి తాళంచెవి సూపర్‌వైజరుకు ఇచ్చేయండి, ‘ఈ ఒక్క లారీ దింపుకుని ఇస్తాం’ అన్న మాటకు లొంగకండి.

రికార్డు పుస్తకంలో ‘చైను బాగుంది’ అని రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అవర్ మీటరు అంకె, ఎడమ చైను కొలత, కుడి చైను కొలత, రెండు హీళ్ల మందం, పది నిమిషాల్లో జారిన మిల్లీమీటర్లు రాయండి. వరుసగా మూడు నాలుగు సర్వీసుల అంకెలు పక్కపక్కన ఉంటే, ఏ నెలలో కొత్త చైను ఆర్డరు పెట్టాలో ముందే తెలుస్తుంది. బరువులెత్తే యంత్రాలనూ వాటి చైన్లనూ కనీసం 12 నెలలకు ఒకసారి అర్హుడైన వ్యక్తి పూర్తిగా పరీక్షించాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను నుంచి వస్తున్న నియమం. ఆయన వచ్చినప్పుడు మొదట అడిగేది కూడా ఈ పుస్తకమే. కొత్త చైన్లు వేసిన బండికి మాత్రం మామూలు గడువు దాకా ఆగకుండా, మొదటి యాభై గంటల పని కాగానే బిగువును మరోసారి చూసి, అప్పటి కొలతను కూడా అదే పేజీలో రాసి పెట్టండి.